ఒంటి తీరుకు సరిపోయే బ్రాను ఎంచుకోవడం ఎలా? (కొలతలు, కప్పు ఆకారం, జాకెట్టు కుదురు)

పారిజాతం (విజయవాడ)

అందరికీ నమస్కారం. పెళ్లికి ముందు నుంచీ నేను 36బి సైజు (36 పట్టీ నంబరు, బి కప్పు అక్షరం) బ్రాలే వాడుతున్నాను. కంపెనీలు మార్చి చూశాను, ఖరీదైనవీ కొన్నాను, ఇబ్బంది మాత్రం తీరలేదు. ఉదయం ఆఫీసుకు బయలుదేరేటప్పుడు బాగానే ఉంటుంది కానీ, మధ్యాహ్నానికల్లా వెనక పట్టీ వీపు మీద పైకి పాకిపోతుంది, ముందు వైపు మొత్తం కిందికి జారుతుంది. భుజం పట్టీలు బిగిస్తే సాయంత్రానికి భుజాల మీద ఎర్రగా గాడులు పడుతున్నాయి, వదులు చేస్తే జారి మోచేతుల మీదికి వచ్చేస్తున్నాయి. కప్పు పై అంచు రొమ్ములోకి నొక్కుకుపోయి, పలచటి జాకెట్టు వేసుకున్నప్పుడు అడ్డంగా ఒక గీత కనిపిస్తుంది.

బీసెంట్ రోడ్డులో ఒక దుకాణంలో చుడీదారు మీద నుంచే టేపు పెట్టి 38 అంగుళాలు అని చెప్పి, మళ్లీ 36బి చేతిలో పెట్టారు. ఇంట్లో ఒంటి మీద నేరుగా కొలుచుకుంటే రొమ్ముల కింద, పక్కటెముకల చుట్టూ 31.5 అంగుళాలు, రొమ్ములు నిండుగా ఉన్న చోట 37 అంగుళాలు వచ్చాయి. ఈ కొలతలకు 36బి ఎలా సరిపోతుందో నాకు అర్థం కావడం లేదు. తెలిసినవారు దయచేసి వివరించగలరు.

పచ్చగన్నేరు (హైదరాబాదు)

పారిజాతం గారూ, నేను కోఠీ ప్రాంతంలో లోదుస్తుల దుకాణంలో చాలాకాలం పనిచేశాను. మీరు రాసినట్లే వచ్చి చెప్పుకున్న ఆడవాళ్లను ఎందరినో చూశాను. వారిలో ఎక్కువమంది తమ పట్టీ కొలతకన్నా పెద్ద నంబరూ, తమ రొమ్ము పరిమాణంకన్నా చిన్న కప్పూ వేసుకునేవారు. మీ విషయంలోనూ అదే జరిగిందని ఆ మూడు కొలతలే చెబుతున్నాయి.

ముందు ఆ 36 ఎక్కడి నుంచి వచ్చిందో చూడండి. రొమ్ము కింది కొలతకు నాలుగైదు అంగుళాలు కలిపి పట్టీ నంబరు చెప్పే పాత లెక్క ఒకటుంది. మీ 31.5కు నాలుగు కలిపితే 35.5, అంటే 36. బట్టల మీద నుంచి తీసిన 38లో నుంచి ఆ 36 తీసేస్తే రెండు అంగుళాలు మిగిలాయి, రెండు అంటే బి కప్పు. లెక్క ప్రకారం వారు తప్పు చెప్పలేదు, ఆ లెక్కే ఈనాటి బట్టకు పనికిరాదు. అంతగా సాగని గుడ్డతో బ్రాలు కుట్టే కాలంలో ఊపిరి ఆడడానికి ఆ అదనపు అంగుళాలు అవసరమయ్యాయి. 1958లో అమెరికాలోని డ్యూపాంట్ సంస్థలో జోసెఫ్ షివర్స్ లైక్రా నూలును తయారు చేశాక, బాగా సాగి మళ్లీ బిగిసే పట్టీలు వచ్చాయి. అలా సాగే పట్టీకి ఇంకా నాలుగు అంగుళాలు కలిపితే అది ఒంటిని పట్టుకోవడానికి బదులు వేలాడుతుంది.

ఇప్పుడు మీరు చేయవలసింది ఇది. పలచటి, ప్యాడ్ లేని బ్రా వేసుకుని కానీ, ఏమీ వేసుకోకుండా కానీ అద్దం ముందు నిలబడండి. ఊపిరి వదిలి, టేపు నేలకు సమాంతరంగా ఉండేటట్లు చూసుకుని, రొమ్ముల కింద చర్మానికి ఆనేలా బిగువుగా కొలవండి. వీపు వైపు టేపు కిందికో పైకో జారితే కొలత అరంగుళం దాకా తేడా వస్తుంది, కాబట్టి అద్దంలో వెనక వైపు కూడా చూసుకోండి. తర్వాత నిండైన చోట టేపును నొక్కకుండా, ఊరికే ఆనించి కొలవండి. మూడోది చాలామంది వదిలేసే కొలత: నడుము దగ్గర ముందుకు వంగి, వీపు నేలకు సమాంతరంగా ఉన్నప్పుడు అదే నిండైన చోట మరొకసారి కొలవాలి. మెత్తగా, జారినట్లుండే రొమ్ములకు నిలబడి తీసిన కొలత తక్కువ చూపిస్తుంది, వంగినప్పుడే అసలు పరిమాణం తెలుస్తుంది. ఆ కొలత కూడా ఇక్కడ రాయండి.

పారిజాతం

ధన్యవాదాలు అక్కా. వంగి కొలిస్తే 38 వచ్చింది. రొమ్ము కింద మళ్లీ 31.5 అంగుళాలే.

పచ్చగన్నేరు

అయితే నిలబడినప్పటి 37, వంగినప్పటి 38, రెండింటి సగటు 37.5. మీ పట్టీ 31.5కు దగ్గరి సరి సంఖ్య 32. తేడా ఐదున్నర అంగుళాలు. అంగుళానికి ఒక కప్పు చొప్పున ఎ, బి, సి, డి తర్వాత ఐదోది డీడీ. కాబట్టి మీరు వేసుకుని చూడవలసిన మొదటి సైజు 32డీడీ. ఈ అక్షరం చూసి కంగారు పడకండి. డీడీ అంటే చాలా పెద్ద రొమ్ములని మనలో ఒక అభిప్రాయం పాతుకుపోయింది. కప్పు అక్షరానికి పట్టీ నంబరు లేకుండా అర్థమే లేదు. 32డీడీ కప్పు, 34డి కప్పు, 36సి కప్పు, ఈ మూడింటిలో పట్టే పరిమాణం ఒకటే. పట్టీ ఒక మెట్టు పెరిగితే కప్పు ఒక అక్షరం తగ్గించాలి, పట్టీ తగ్గితే కప్పు పెంచాలి. దుకాణాల్లో వీటిని సిస్టర్ సైజులు అంటారు. ఈ లెక్కన మీరు ఇన్నాళ్లూ వాడిన 36బి కప్పు మీకు కావలసిన దానికంటే ఒక మెట్టు చిన్నది, పట్టీ రెండు మెట్లు పెద్దది. పట్టీ పైకి పాకడానికీ, కప్పు అంచు నొక్కడానికీ కారణం అదే.

మన మార్కెట్లో 32డీడీ అన్ని చోట్లా దొరకదు. దొరకకపోతే 34డి తీసుకుని, పట్టీ బిగువును పరీక్షించుకోండి. అంతేకానీ, దుకాణంలో ఉన్నది 36బి మాత్రమే కనుక అదే సర్దుకోమంటే ఒప్పుకోకండి.

నల్లరేగడి (గుంటూరు)

మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోవద్దు. 36 నుంచి 32కు దిగితే ఊపిరాడదేమోనని నాకైతే భయంగా ఉంటుంది. సరిపోయిందని దుకాణంలో నిలబడి ఎలా తేల్చుకోవాలి? మా ఊళ్లో చాలా దుకాణాల్లో వేసుకుని చూడడానికి గది కూడా ఉండదు.

పచ్చగన్నేరు

వేసుకుని చూడనివ్వని చోట, కనీసం మార్చుకోవడానికి ఒప్పుకున్నాకే డబ్బు చెల్లించండి. చీటీ చింపకుండా, లోపల పలచటి బనియను మీద ఇంట్లో వేసుకుని చూడవచ్చు.

పరీక్ష పట్టీతో మొదలు పెట్టాలి. కొత్త బ్రా ఎప్పుడూ చివరి హుక్కుకు, అంటే అన్నిటికన్నా వదులుగా ఉండే వరుసకు పెట్టినప్పుడే బిగువుగా ఉండాలి. వాడకంలో పట్టీ సాగుతుంది, అప్పుడు లోపలి వరుసలకు మారుతూ వస్తాం. కొన్న రోజే లోపలి వరుసకు పెడితే తప్ప ఆగని బ్రా కొద్దికాలంలోనే పనికిరాకుండా పోతుంది. హుక్కు పెట్టాక వెనక పట్టీ కింద రెండు వేళ్లు దూర్చండి. వేళ్లు దూరాలి, కానీ పట్టీని వీపు నుంచి రెండు అంగుళాలకు మించి లాగగలిగితే అది వదులే. ఆ తర్వాత భుజం పట్టీలు రెండూ దించేయండి. పట్టీ, కప్పులు అలాగే నిలబడి ఉంటే బరువును పట్టీ మోస్తున్నట్లు. వెంటనే ముందు భాగం కూలిపోతే ఇన్నాళ్లూ మీ భుజాలే మోస్తున్నాయని తెలుసుకోండి.

తర్వాత కాస్త ముందుకు వంగి, కుడి చేత్తో ఎడమ చంక వైపు నుంచి రొమ్మును కప్పులోకి తెచ్చుకోవాలి, అలాగే రెండో వైపు కూడా. చంక కింద కండలా పొడుచుకు వచ్చేది చాలామందిలో కొవ్వు కాదు, చిన్న కప్పు పక్కకు తోసేసిన రొమ్ము భాగమే. ఇలా సర్దుకున్నాక కప్పు అసలు తీరు బయటపడుతుంది. పై అంచు మీదుగా పొంగితే కప్పు చిన్నది. కప్పు గుడ్డ ముడతలు పడితే పెద్దదై ఉండవచ్చు, లేదా ఆకారం కలవనిదై ఉండవచ్చు. వైరు ఉన్న బ్రా అయితే రెండు కప్పుల నడుమ ముక్క ఎముకకు ఆని ఉండాలి. వైరు చివర చంక కింద రొమ్ము పూర్తయిన చోట ఆగాలి. వైరు రొమ్ము మీద ఎక్కి కూర్చుంటే ఏ సైజు రాసి ఉన్నా అది మీది కాదు.

ఊపిరి సంగతికి వస్తే, పట్టీ బిగువు అనిపించినప్పుడు ఒకసారి ఆ బ్రానే తిరగేసి, కప్పులు వీపు వైపు వచ్చేలా హుక్కు పెట్టి చూడండి. అప్పుడు సుఖంగా ఉంటే పట్టీ సరైనదే, కప్పు చిన్నదై ముందు నుంచి లాగుతోందని అర్థం. చాలామంది 'పట్టీ బిగుతు' అని పెద్ద నంబరుకు మారిపోతారు. వారికి కావలసింది పెద్ద కప్పు.

లీడ్స్ తెలుగమ్మాయి (ఇంగ్లండు)

ఇక్కడ మార్క్స్ అండ్ స్పెన్సర్ వంటి దుకాణాల్లో ఉచితంగా కొలిచి సైజు చెప్పే ఆడవాళ్లుంటారు. పెద్ద కప్పులకే పేరుపడిన బ్రావిస్సిమో వంటి చోట టేపు లేకుండా, మీరు వేసుకున్న బ్రా ఎలా కూర్చుందో చూసి మాత్రమే సైజు ఎంచుతారు. ఎక్కడ కొలిపించుకున్నా పై పరీక్షలన్నీ మీరే చేసుకోండి, ఎందుకంటే కొలిచేవారి నైపుణ్యాన్ని బట్టి ఫలితం మారుతుంది.

విదేశాల నుంచి తెప్పించుకునేవారు ఒక విషయం గమనించాలి. బ్రిటిష్ కంపెనీలు డి తర్వాత డీడీ, ఇ, ఎఫ్, ఎఫ్‌ఎఫ్, జి అని నడుస్తాయి. అమెరికన్ లెక్కలో డీడీ తర్వాత డీడీడీ వస్తుంది. కాబట్టి ఎఫ్ అని ఉన్నంత మాత్రాన రెండూ ఒకటి కావు. యూరప్‌లో పట్టీని సెంటీమీటర్లలో రాస్తారు, మన 34 అక్కడ 75, ఫ్రాన్సులో అదే 90. అక్కలు, వదినలు తిరిగొచ్చేటప్పుడు ఎంతో ప్రేమగా తెచ్చిన బ్రాలు పెట్టెలోనే ఉండిపోవడానికి ఈ నంబర్లే కారణం. రెడ్డిట్ వెబ్‌సైటులో 'ఎ బ్రా దట్ ఫిట్స్' అనే సముదాయం ఆరు కొలతలతో సైజు చెప్పే లెక్క యంత్రం ఒకటి పెట్టింది, పచ్చగన్నేరు గారు చెప్పిన పద్ధతికి అది చాలా దగ్గరగా ఉంటుంది. అందులో వచ్చే సైజు బ్రిటిష్ లెక్కలో ఉంటుందని గుర్తుంచుకోండి.

కుట్టుమిషను (రాజమహేంద్రవరం)

నేను జాకెట్లు కుట్టే మనిషిని. మా పనిలో పడే చిక్కులు చాలావరకు కొలత ఇచ్చే రోజు వేసుకొచ్చిన బ్రాతోనే మొదలవుతాయి, అందుకని రాస్తున్నాను. జాకెట్టు ముందు భాగానికి భుజం నుంచి పాయింటు (రొమ్ము మొన) దాకా ఎంత, రెండు పాయింట్ల మధ్య ఎంత అనేవి ప్రాణం లాంటి కొలతలు. టక్కులన్నీ ఆ పాయింటు చుట్టే తిరుగుతాయి. సాగిపోయిన బ్రా వేసుకుని కొలత ఇస్తే పాయింటు అంగుళం, అంగుళంన్నర కిందికి వస్తుంది. పెళ్లి రోజు కొత్త బ్రా వేసుకోగానే రొమ్ము పైకి లేస్తుంది, టక్కు చివర ఖాళీగా కింద ముడత పడుతుంది, పైన బట్ట బిగుసుకుని హుక్కుల మధ్య సందులు విచ్చుకుంటాయి. అప్పుడు తప్పంతా టైలరుదే అంటారు. కటోరీ జాకెట్టుకూ, ప్రిన్సెస్ కట్‌కూ ఈ తేడా మరీ కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది, సాదా నాలుగు టక్కుల జాకెట్టు కొంత ఓర్చుకుంటుంది.

కనుక పారిజాతం గారూ, కొత్త సైజు కుదిరాక మీ పాత జాకెట్లు పైన బిగుతుగా, కింద వదులుగా అనిపిస్తాయి. కుట్ల లోపల అదనపు బట్ట వదిలి కుట్టినవైతే పక్క కుట్లు విప్పి సర్దవచ్చు, కానీ పాయింటును పైకి జరపాలంటే టక్కులు విప్పాలి, అది అన్ని బట్టల మీదా కుదరదు. పట్టు మీద పాత కుట్టు రంధ్రాలు కనిపిస్తాయి. శుభకార్యానికి జాకెట్టు కుట్టించుకునేవారు ముందు బ్రా కొనుక్కుని, అదే వేసుకుని కొలతలకు రండి. వెనక మెడ లోతుగా కావాలంటే పట్టీ ఎంత ఎత్తున వస్తుందో ఆ రోజే మాకు చూపించండి. ప్యాడ్ పెట్టిన జాకెట్టు బ్రాకు బదులు సరిపోతుందా అని అడుగుతుంటారు. చిన్న రొమ్ములవారికి ఒక పూటకు గడిచిపోతుంది. బరువైన రొమ్ములకు అది చాలదు, ఎందుకంటే జాకెట్టు కింది అంచు బ్రా పట్టీలా సాగి బిగిసేది కాదు.

సంపెంగ (కరీంనగర్)

నాది ఇంకొక సమస్య. ఇద్దరు పిల్లలకు పాలిచ్చాక నా రొమ్ముల పై భాగం ఖాళీ అయింది, నిండుదనమంతా కిందనే ఉంది. ఎడమది కుడిదానికంటే కొంచెం పెద్దది. ప్యాడ్ బ్రాలు వేసుకుంటే పైన గుంటలా ఖాళీ మిగులుతుంది. చిన్న కప్పుకు మారితే పక్కన పొంగుతుంది. కొలత ప్రకారం 34సి సరైనదే.

పచ్చగన్నేరు

సంపెంగ గారూ, మీ సైజు సరైనదే, కప్పు ఆకారమే మీకు కుదరడం లేదు. అచ్చులో పోసినట్లుండే మౌల్డెడ్ కప్పు తన ఆకారాన్ని మార్చుకోదు. ఆ ఆకారంలో రొమ్ము ఉన్నవారికే అది నిండుతుంది. కింద నిండుగా, పైన పలచగా ఉన్నవారికి పై అంచు అడ్డంగా, తక్కువ ఎత్తులో ఆగే బాల్కనెట్ కప్పు బాగా కూర్చుంటుంది. లేదా రెండు మూడు ముక్కలు కలిపి కుట్టిన, పై ముక్క సాగే లేసుతో ఉన్న కప్పు తీసుకోండి, ఆ లేసు రొమ్ముతో పాటే సర్దుకుంటుంది. పై భాగమే నిండుగా ఉన్నవారికి ఇదే బాల్కనెట్ కోసుకుపోతుంది, వారు నిండు కప్పు వేసుకోవాలి.

ఇంకో తేడా రొమ్ము మొదలు, అంటే అది ఛాతీకి అతికి ఉండే చోటు, వెడల్పులో ఉంటుంది. కొందరికి రొమ్ము ఛాతీ మీద వెడల్పుగా పరుచుకుని, ముందుకు తక్కువగా వస్తుంది. వారికి వెడల్పైన వైరు, లోతు తక్కువ కప్పు కావాలి. కొందరికి మొదలు ఇరుకుగా ఉండి ముందుకు పొడుచుకు వస్తుంది. వారు మౌల్డెడ్ కప్పు వేసుకుంటే అడుగున చోటు చాలక బ్రా మొత్తం కిందికి జారుతుంది, సైజు తప్పని అనుకుంటారు. రెండు రొమ్ములు బాగా దగ్గరగా ఉన్నవారికి నడుమ ముక్క ఎత్తుగా ఉంటే వైరు గుచ్చుతుంది, ముందు మెడ లోతుగా దిగే ప్లంజ్ తరహా నయం. భుజాలు ఇరుకుగా ఉండి పట్టీలు జారేవారు, భుజం పట్టీలు వీపు మీద దగ్గరగా కలిసే నమూనా చూసుకోవాలి.

రెండు వైపులా కొంత తేడా ఉండడం చాలా మామూలు. ఎప్పుడూ పెద్ద వైపుకే కప్పు ఎంచుకుని, చిన్న వైపు భుజం పట్టీని కాస్త బిగించండి, లేదా తీసి పెట్టుకునే ప్యాడు ఆ ఒక్క వైపే ఉంచుకోండి.

వైద్యమిత్ర (హనుమకొండ)

నేను ఫిజియోథెరపిస్టును. మెడనొప్పి, భుజాల మధ్య నొప్పి అంటూ వచ్చే స్త్రీలను నేను తప్పకుండా బ్రా గురించి అడుగుతాను. రొమ్ములో తనంతట తాను బరువు మోసే కండరం లేదు. చర్మమూ, 19వ శతాబ్దపు ఆంగ్ల శస్త్రవైద్యుడు ఆస్ట్లీ కూపర్ పేరుతో పిలిచే సన్నని బంధకాలూ దానిని పట్టి ఉంచుతాయి. కనుక వ్యాయామం చేసినంత మాత్రాన రొమ్ము బిగుతు కాదు, దాని వెనకున్న ఛాతీ కండరం మాత్రమే బలపడుతుంది. నడకకూ, యోగాకూ రొమ్ములను ఛాతీకి నొక్కి పట్టే సాదా స్పోర్ట్స్ బ్రా చాలామందికి సరిపోతుంది. పరుగెత్తేవారికీ, రొమ్ములు బరువుగా ఉన్నవారికీ రెండు కప్పులు విడివిడిగా ఉన్నదే మంచిది. ఇంగ్లండులోని పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో ఈ కదలికల మీద చాలా పరిశోధన జరిగింది. పరుగులో రొమ్ము పైకీ కిందికీ మాత్రమే కాకుండా పక్కలకూ, ముందుకూ వెనక్కూ కూడా కదులుతుందని వారు చూపించారు.

బ్రా మార్చాక కూడా భుజం నొప్పి, చేతి తిమ్మిరి తగ్గకపోతే వైద్యుడికి చూపించుకోవాలి, అన్నిటికీ బ్రానే కారణమని ఊరుకోకూడదు.

నల్లరేగడి

రెండు సందేహాలు. ఎండాకాలంలో రొమ్ముల కింద చెమటతో చర్మం ఎర్రబడి, ఒరుసుకుని మండుతోంది. రెండోది, వైరు బ్రా వేసుకుంటే కేన్సర్ వస్తుందని మా అత్తయ్య గట్టిగా నమ్ముతారు.

వైద్యమిత్ర

రెండోది ముందు చెబుతాను. వైరుకూ రొమ్ము కేన్సర్‌కూ సంబంధం ఉందనడానికి ఆధారం లేదు. సియాటిల్‌లోని ఫ్రెడ్ హచిన్సన్ కేన్సర్ పరిశోధన కేంద్రం వారు నెలసరి ఆగిపోయిన స్త్రీలను ప్రశ్నించి 2014లో ప్రచురించిన అధ్యయనంలో, వైరు ఉన్నా లేకున్నా, రోజుకు ఎన్ని గంటలు వేసుకున్నా తేడా కనిపించలేదు. అత్తయ్య గారికి వైరు గుచ్చుకుని ఇబ్బందైతే వైరు లేనిది వేసుకోవచ్చు, అది సుఖానికి సంబంధించిన విషయం. అయితే ఒక రొమ్ము ఉన్నట్లుండి పెరిగినా, గడ్డ తగిలినా, చర్మం సొట్టపడినా, చనుమొన నుంచి రక్తం వంటిది కారినా కొత్త బ్రా వెతకడం మాని డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఇక మంట సంగతి. రెండు చర్మాలు ఒకదానికొకటి ఆని తడిగా ఉండే చోట ఫంగస్ చేరుతుంది. స్నానం తర్వాత ఆ మడతను మెత్తటి గుడ్డతో అద్ది పూర్తిగా ఆరనిచ్చాకే బ్రా వేసుకోండి. రొమ్మును ఛాతీ నుంచి పైకి ఎత్తి పట్టే బ్రా అయితే ఆ మడతే తగ్గుతుంది, అందువల్ల వదులు బ్రా ఎండాకాలంలో సుఖమనుకోవడం సరికాదు. లోపలి వైపు నూలు గుడ్డ ఉన్నది ఎంచుకోండి, చెమటతో తడిసిపోతే మధ్యాహ్నం మార్చుకోండి. పౌడరు దట్టంగా చల్లితే తడితో కలిసి ముద్దకట్టి ఇంకా ఒరుస్తుంది. దురద, వాసన, చిన్న పొక్కులు ఉంటే చర్మవైద్యులు రాసిన మందే వాడాలి. ఇంట్లో ఉన్న స్టెరాయిడ్ కలిసిన ఆయింట్‌మెంట్లు రాయకండి, అవి ఫంగస్‌ను పెంచుతాయి.

పారిజాతం

అందరికీ కృతజ్ఞతలు. 32డీడీ మా ఊళ్లో దొరకలేదు. 34డి తెచ్చుకుని, పచ్చగన్నేరు అక్క చెప్పినట్లు చంక వైపు నుంచి సర్దుకుని చూశాను. పై అంచు గీత పోయింది, భుజం పట్టీలు దించినా కప్పులు నిలబడ్డాయి. వెనక పట్టీ మాత్రం చివరి వరుసలో కాస్త వదులుగా, మధ్య వరుసలో సరిగ్గా ఉంది. నడుమ ముక్క ఎముకకు పూర్తిగా ఆనడం లేదు, గోరు పట్టేంత సందు ఉంది. దీనినే ఉంచుకోనా, ఆన్‌లైన్‌లో 32డీడీ తెప్పించనా?

పచ్చగన్నేరు

32డీడీ ఒక్కటి, వాపసు తీసుకునే చోట తెప్పించండి. నడుమ ముక్కకు సందు రావడానికి రెండు కారణాలుంటాయి. పట్టీ వదులై ముక్కను ఎముకకు నొక్కలేకపోవడం ఒకటి, కప్పు నిండిపోయి రొమ్ము ముక్కను ముందుకు నెట్టడం రెండోది. మధ్య వరుస నుంచి లోపలి వరుసకు మార్చి చూడండి. సందు మూసుకుపోతే పట్టీదే లోపం, 32డీడీతో తీరుతుంది. అప్పటికీ సందు అలాగే ఉంటే కప్పు ఇంకో మెట్టు పెంచి 32ఇ చూడాలి. మీ కొలత ఐదుకూ ఆరుకూ నడుమ పడింది కాబట్టి అది కూడా జరగవచ్చు.

ఈ 34డిని పారేయకండి, లోపలి వరుసలతో కొన్ని నెలలు వస్తుంది. ఒకే బ్రాను వరుసగా రెండు రోజులు వేసుకోకుండా మార్చి మార్చి వాడితే సాగిన పట్టీ తిరిగి బిగిసే వీలుంటుంది. చల్లటి నీళ్లలో, హుక్కులు పెట్టి, చేత్తో ఉతకండి. మెలిపెట్టి పిండకుండా తువ్వాలులో చుట్టి నొక్కండి. భుజం పట్టీలతో తీగకు వేలాడదీస్తే తడి బరువుకు అవి సాగుతాయి, నడుమ ముక్క దగ్గర మడిచి నీడలో ఆరేయండి.